కూత పెట్టని గన్ను

ఆవిణ్ణి అందరూ మైకు అనేవాళ్ళు. అమ్మానాన్నా పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది, జీతం ఇచ్చేవాడికి తప్ప ఇంకెవరికీ అది అక్కర్లేకపోయింది. పక్కింటి గుమ్మంలో నిలబడి "కాస్త ఉప్పుందా" అని అడిగితే వీధి చివరి వాళ్ళు ఉప్పు పట్టుకొచ్చేవాళ్ళని చెప్పుకుని నవ్వేవాళ్ళు. పెళ్ళయిన కొత్తలో అంత గొంతు లేదట. రానురాను పెరిగింది. వయసొచ్చాక కొందరికి పొట్ట పెరుగుతుంది, ఈవిడకి గొంతు పెరిగింది, అంతే అనుకున్నారు. ఎందుకు పెరిగిందమ్మా అని అడిగిన పుణ్యాత్ముడు ఒక్కడు లేడు. ఆవిడకీ ఆ మాట తట్టలేదు.

పని మందుల గోడౌన్‌లో. చుట్టుపక్కల ఆసుపత్రులన్నిటికీ పెట్టెలు అక్కణ్ణించే వెళ్తాయి. ప్రతి పెట్టె మీదా నల్లగీతల చీటీ ఒకటి అంటించి ఉంటుంది. ఆ గీతల మీద ఎర్రలైటు పడేట్టు స్కానరు నొక్కాలి. దాన్ని అక్కడ స్కానరు అనరు, తుపాకిలా పట్టుకుంటారు కాబట్టి గన్ను అంటారు. దానికి వైరుండదు. స్టాండులో కూర్చోబెడితే ఛార్జి ఎక్కుతుంది, చేతిలోకి తీసుకుంటే అరల మధ్య ఎంత దూరమైనా పట్టుకెళ్ళొచ్చు. గీతలు చదవగానే పిచ్చుక పిల్లలా సన్నగా కూస్తుంది. కూసిందంటే ఆ పెట్టె వెళ్ళినట్టు కంప్యూటర్‌లో పడిపోతుంది. కూయలేదంటే మళ్ళీ కొట్టాలి.

మైకు చేతివేగం చూడ్డానికే వచ్చేవాళ్ళు కొందరు. గన్ను వైపు చూసేదే కాదు. చూపు ముందు పెట్టె మీద, చేయి మధ్య పెట్టె మీద, చెవి వెనక పెట్టె మీద. కూత వినపడగానే అడుగు ముందుకి. గన్ను నెత్తిన వెలిగే చిన్న పచ్చలైటు సంగతి ఆవిడకి పట్టనే పట్టలేదు. లైటు చూసుకుంటూ కూర్చునేవాళ్ళు మధ్యాహ్నానికి కూడా బండి పంపలేరని నవ్వేది. పిల్లాజెల్లా లేరు. మొగుడు మోకాళ్ళ నొప్పులతో పని మానేసి ఇంట్లో కూర్చున్నాడు. ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ బల్ల దగ్గర పని వల్లే. పొయ్యి సంగతి అలా ఉంచండి, ఆవిడ తలెత్తుకుని నడిచే చోటు భూమ్మీద అదొక్కటే.

అలాంటి గన్ను మాట వినడం మానేసింది.

పొద్దున్నే షట్టరు తీసినప్పుడు బాగానే కూసేది. ఫ్యాన్లు వేసి, పెట్టెలు ఎత్తే బండి తిరగడం మొదలయ్యాక మూగబోయేది. ఛార్జి నిలవట్లేదనుకుంది. స్టాండులో నొక్కి నొక్కి పెట్టింది. ఊదింది, కొంగుతో తుడిచింది, మొండి పిల్లాడి వీపు చరిచినట్టు చరిచింది. కూత రాలేదని ఒకే పెట్టెని రెండోసారి కొట్టేది. బల్ల దగ్గర కంప్యూటర్ ముందు కూర్చునే అమ్మాయి, ఈవిడ చెల్లీ అని పిలిచే అమ్మాయి, తెర మీద చూసి అరిచేది.

"అక్కా, మళ్ళీ రెండు పడ్డాయి."

"అది కూయందే నేనేం చెయ్యనే? దానికి నా మీద కోపం."

"నీ మీద కోపం రాని వస్తువు ఈ గోడౌన్‌లో ఉందా చెప్పు. మొన్న ఎత్తుడు బండివాడు కూడా తిట్టాడుగా."

"వాడా. వెనక్కి వస్తూ హారన్ కొట్టి చావొచ్చుగా. మీద మీదకి తోలుకొస్తాడు."

చెల్లి నవ్వి తెర వైపు తిరిగింది. ఆ బండి వెనక్కి వస్తే దానంతట అదే కీచుకీచుమంటుందని ఆ పిల్లకి తెలుసు. మైకు వెటకారంగా అంటోందనుకుంది. ఆవిడ మాటల్లో ఏది వెటకారమో ఏది నిజమో పోల్చుకోవడం కట్టుకున్నవాడి వల్లే కాలేదు.

మొగుడంటే గుర్తొచ్చింది. ఆ ఇంట్లో ఇంకో మూగనోము నడుస్తోంది. ఆయన మెత్తటి మనిషి, గట్టిగా తుమ్మడానికి కూడా మొహమాటపడే రకం. ఈ మధ్య బొత్తిగా మాటలు తగ్గించేశాడని ఆవిడ బాధ. అన్నం పెట్టేటప్పుడు అటు తిరిగి ఏదో గొణుగుతాడు. పడుకున్నాక గోడకి చెప్పుకుంటాడు. పని చేసుకొచ్చే పెళ్ళాం మొహం చూడబుద్ధి కావట్లేదేమో అనుకుంది. ఆ అనుకున్నదాన్ని మింగి, ఇంకాస్త గట్టిగా మాట్లాడింది. ఇల్లు నిశ్శబ్దంగా ఉంటే భయం కదా మరి.

ఒకరోజు పిల్లల వార్డుకి ఒక పెట్టె తక్కువ వెళ్ళింది. కంప్యూటర్ రెండు పంపామంది. వెళ్ళింది ఒకటే. సూపర్‌వైజరు ఆవిణ్ణి గదిలోకి పిలిచాడు. చెడ్డవాడు కాదు, నవ్వడం మాత్రం చేతకాదు.

"అమ్మా, ఇవి సబ్బులు కాదు, మందులు. ఇంకోసారి ఇలా అయితే మిమ్మల్ని ఆ బల్ల దగ్గర ఉంచలేను."

"గన్ను బాగాలేదు సారూ. బాగుచేయించండి."

"ఆడలేక మద్దెల ఓడు అంటారు చూడండి, అలా ఉంది. అదే గన్నుతో సాయంత్రం వచ్చేవాళ్ళు చక్కగా కొడుతున్నారు."

ఆ మాట గుచ్చుకుంది. మర్నాడు గన్ను సంగతేంటో తనే తేల్చాలనుకుంది. బల్ల పక్కన మేకుకి ప్లాస్టిక్ కవరులో ఒక కాగితం వేలాడుతూ ఉంటుంది. దాని మీదా గీతలే, కానీ అవి గన్నుకి పెట్టే ఆజ్ఞలు. ఒక గీత కొడితే గొంతు పెద్దదవుతుంది, ఇంకోటి కొడితే చిన్నదవుతుంది. అన్నిటికన్నా పైన ఉన్నది కొడితే గన్ను నేర్చిందంతా మర్చిపోయి కంపెనీలోంచి వచ్చిన రోజులా అయిపోతుంది. కంప్యూటర్లు బాగుచేసే కుర్రాడు ఒకసారి ఆ పై గీత కొట్టడం ఆవిడ చూసింది. ఆ తర్వాత వాడు వంగుని, స్టాండు అడుగున ఉన్న గీతని కూడా కొట్టాడు. గన్నుకీ స్టాండుకీ మళ్ళీ జత కలిపేది అదే. అది మాత్రం చూడలేదు, వాడి వీపు అడ్డమొచ్చింది.

పై గీత కొట్టింది. గన్ను మీద లైట్లు మిణుకుమన్నాయి. హమ్మయ్య, కొత్తదైపోయింది అనుకుని అరల మధ్యకి వెళ్ళింది. అప్పటికే ఫ్యాన్లు తిరుగుతున్నాయి. కూత వినపడలేదు. అయినా ఆవిడ ఒక తీర్మానం చేసుకుని వచ్చింది. వినపడినా వినపడకపోయినా పెట్టెకి ఒక్కసారే కొట్టాలి, ఇంక రెండోసారి మాటే లేదు. బండికి సరిపడా పెట్టెలన్నీ అలాగే కొట్టుకుంటూ వెళ్ళింది. హమాలీలు ఎక్కించేశారు. తలుపు వేసి గొళ్ళెం పెడుతుండగా, టీ తాగి వచ్చిన చెల్లి తెర చూసింది.

"అక్కా, ఇంకా మొదలుపెట్టలేదా?"

బండి తలుపు మళ్ళీ తీశారు. ఎక్కించిన పెట్టెలన్నీ దించారు. హమాలీలు ఒక్కో పెట్టెకి ఒక్కో తిట్టు చొప్పున దించారు. సూపర్‌వైజరు వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కంప్యూటర్ల కుర్రాణ్ణి పిలిపించారు. వాడొచ్చి ఒక్క చూపులో తేల్చేశాడు.

"జత తెగిపోయింది పెద్దమ్మా. పై గీత ఎవరో కొట్టారు. స్టాండుతో కలపకుండా ఎన్ని కొట్టినా లోపలికి పోదు. మరి తప్పు కూత కూసి చెప్పి ఉంటుందే."

"కూస్తేగా నాయనా నా ఏడుపంతా."

ముసలి హమాలీ ఒకడు పెట్టె దించి నడుం నిమురుకుంటూ అన్నాడు. "కూయకపోవడమేంటి? పొద్దున్నుంచీ మూడేసి కూతలు. ఎవరో ఏడుస్తున్నట్టు. ఇవాళ గన్ను పాట మార్చిందేంట్రా అని మేం నవ్వుకున్నాం కూడా."

"ఏం కూతలు?" అంది మైకు.

కుర్రాడు స్టాండు అడుగున గీత కొట్టి జత కలిపాడు. ఒక పెట్టె తీసి గన్ను నొక్కాడు. అరల దగ్గరున్న ఇద్దరు తలతిప్పి చూశారు.

"చూశావా, కూయలేదు," అంది మైకు, గెలిచినట్టుగా.

కుర్రాడు ఆవిడ మొహంలోకి చూశాడు. పాపం వాడిది చిన్న వయసు, మనసులోది మొహంలో దాచుకోవడం రాదు. మేకు నుంచి కాగితం తీసి, గొంతు పెంచే గీత కొట్టాడు. ఇంకా పెంచే గీత కొట్టాడు. అంతకు మించి లేదు, అదే చివరి గీత. అప్పుడు మళ్ళీ పెట్టె మీద నొక్కాడు.

మైకు వినలేదు. కానీ చూసింది. చెల్లి రెండు చేతులూ చెవుల మీద పెట్టుకుని, కళ్ళు చిట్లించి, భుజాలు పైకి లాక్కుంది. వాకిట్లో టపాకాయ పేలితే ఒదిగిపోయినట్టు. మరుక్షణం ఆ పిల్లకి తను చేసిన పని తెలిసి చేతులు దించేసింది. దించితే మాత్రం ఏం లాభం? చూసేసింది కదా.

గోడౌన్‌లో అంతమంది ఉన్నారా, ఒక్కరూ నవ్వలేదు. ఆవిడ జీవితంలో జనం నవ్వకపోవడం అదే మొదలు.

కుర్రాడు మంచివాడు. కాగితం మీద వెతికి, కూతని సన్నగొంతు నుంచి బొంగురు గొంతుకి మార్చే గీత కొట్టాడు. మళ్ళీ నొక్కితే ఆవిడకి వినపడింది. నూతిలోంచి కప్ప అరిచినట్టు, దూరంగా. కొట్టినప్పుడల్లా చేతిలో వణికేట్టు కూడా చేసిపెట్టాడు. "సన్నటి శబ్దాలు ముందు పోతాయంట పెద్దమ్మా, లావువి తర్వాత. డాక్టరుకి చూపించుకో," అన్నాడు నేలచూపులు చూస్తూ.

ఇంటికెళ్ళింది. మొగుడు మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఎదురుగా పీట వేసుకుని ఆయన మూతి వైపు చూస్తూ కూర్చుంది. ఆయన పెదాలు కదిలాయి. ఆపకుండా కదిలాయి. అలా చూస్తే గానీ తెలియలేదు, ఆ మనిషి ఎప్పుడూ మాటలు మానలేదని. పొద్దున కుళాయి రాలేదనీ, పక్కింటావిడ కూతురికి జ్వరమనీ, నువ్వు తిన్నావా అనీ, రోజూ చెప్తూనే ఉన్నాడు.

"మీరు నాతో మాట్లాడటం మానేశారనుకున్నా," అంది.

ఆయన జవాబు చెప్పాడు. వినపడలేదు. మళ్ళీ చెప్పాడు. మూడోసారి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, అరిచాడు. "నువ్వే జవాబివ్వడం మానేశావనుకున్నానే." అరుపు పూర్తికాకుండానే దగ్గొచ్చింది. పక్కింటి కిటికీ తెరుచుకుంది. పాపం, మొగుడూ పెళ్ళాలు తగువాడుకుంటున్నారనుకుని మళ్ళీ మూసుకుంది.

డాక్టరు చూశాడు. నరం ఎండిపోతోందన్నాడు, తిరిగి రాదన్నాడు. చెవిలో పెట్టుకునే మిషను ఇప్పించారు. ఇంట్లో పెట్టుకుంటే కాస్త ఫరవాలేదు. గోడౌన్‌లో పెట్టుకుంటే ఫ్యాన్ల హోరు, చక్రాల గోల తలలోకి దిగిపోయి, కావలసిన కూత తప్ప అన్నీ వినపడేవి. తీసి జాకెట్టులో దోపుకుని, చేతిలో గన్ను వణుకు నమ్ముకుని పనిచేసింది. తప్పులు పోయాయి. ఒక్క పెట్టె రెండుసార్లు పడలేదు. ఇంక బల్ల నాదే అనుకుంది.

సూపర్‌వైజరు మళ్ళీ పిలిచాడు. ఈసారి కుర్చీ చూపించాడు. కుర్చీ చూపించారంటేనే అర్థం చేసుకోవాలి. ఆవిడ మొహానికెదురుగా, పెదాలు విప్పి విప్పి మాట్లాడాడు.

"గన్ను సంగతి కాదమ్మా. మీ పని బాగుంది. కానీ ఆ ఎత్తుడు బండి వెనక్కి వస్తూ కీచుమంటుంది. మీకు వినపడదు. మొన్న ఎంత దగ్గరికి వచ్చిందో మీరు చూసుకోలేదు, నేను చూశాను. అరల మధ్యకి మిమ్మల్ని పంపలేను."

గన్ను మీద చెప్పమంటే వంద చెప్పేది. బండి మీద ఏం చెప్తుంది? హారన్ కొట్టి చావొచ్చుగా అని అన్నాళ్ళు తిట్టిన తిట్లన్నీ గుర్తొచ్చాయి. అది కీచుమంటూనే ఉంది. అన్నాళ్ళూ కీచుమంటూనే ఉంది. తిట్టించుకుని కూడా వాడు ఆగి ఆగి తోలాడు.

"సరే సారూ," అంది. సారు ఉలిక్కిపడ్డాడు. ఆవిడ తన గొంతు మరీ పెద్దదేమోనని బాగా తగ్గించి అంది, అదీ సరిగ్గా కుదరలేదు.

గోడ వారగా అట్టపెట్టెలు మడిచి టేపు వేసే చోట కూర్చోబెట్టారు. ఆ మూలకి ఏ బండీ రాదు. మనుషులూ పెద్దగా రారు. పాత బల్ల అక్కడికి నాలుగు బారల దూరం. ఆవిడ స్థానంలో కొత్తమ్మాయి వచ్చింది. మొదట్లో ఆవిడకి అక్కణ్ణించి గన్ను బొంగురు కూత కాస్త వినపడేది. అట్ట మడుస్తూ లెక్కపెట్టుకునేది, పిల్ల చెయ్యి నెమ్మదిగా ఉందని మనసులో తిట్టుకునేది. గోడౌన్ మొత్తం మీద ఆవిడకి వినపడే చప్పుడు అదొక్కటే మిగిలింది.

ఇంట్లో ఆయన కొన్నాళ్ళు అరిచాడు. అరవడం ఆయన ఒంటికి పడలేదు. అరిచి చెప్పేంత గొప్ప మాటలా ఇవి అనుకున్నాడో ఏమో, కుళాయి సంగతి, జ్వరం సంగతి చెప్పడం ఒక్కొక్కటే మానేశాడు. అన్నం తిన్నావా అని చేత్తో అడుగుతాడు. ఆవిడ తలూపుతుంది. అప్పుడు లేని మౌనం ఇప్పుడు నిజంగానే వచ్చి కూర్చుంది.

ఒకరోజు అట్టల మీంచి తలెత్తి చూస్తే, కొత్తమ్మాయి చెల్లితో మొహం ముడిచి ఏదో అంటోంది. గన్ను పైకెత్తి చూపించి, గొంతు పట్టుకుని కప్పని అనుకరించింది. చెల్లి తల అడ్డంగా ఊపింది, మూల వైపు ఒకసారి చూసింది, మళ్ళీ ఏదో అంది. కొత్తమ్మాయి వినలేదు. మేకు నుంచి కాగితం తీసి, అన్నిటికన్నా పై గీత మీద గన్ను పెట్టి నొక్కింది. తర్వాత వంగి స్టాండు అడుగున నొక్కింది. ఆ పిల్లకి సరిగ్గా నేర్పారు.

మైకు చేతిలో టేపు అలాగే ఉండిపోయింది. పిల్ల అరల దగ్గరికి వెళ్ళి పెట్టె మీద గన్ను పెట్టింది. నెత్తిన పచ్చలైటు వెలిగింది. ఇంకో పెట్టె. మళ్ళీ వెలిగింది. ఎన్నడూ చూడని ఆ లైటుని ఆవిడ చాలాసేపు చూసింది, ఏమన్నా వినపడుతుందేమోనని. తర్వాత అట్ట మడిచి టేపు లాగింది. టేపు లాగితే చర్రున పెద్ద చప్పుడవుతుందని పక్కవాళ్ళు చెప్తుంటారు.