కంచె దాటిన గుమ్మడికాయ

మా టెరెక్-సూ ఊళ్ళో ట్రాక్టరు తోలే సాతిబాల్దీ లాంటి మనిషి కిర్గిజ్ నేలంతా గాలించినా దొరకడు. నేను చెబుతున్నాను కాబట్టి నమ్మొచ్చు. ఎనిమిదో తరగతిలోనే బడికి దణ్ణం పెట్టి వచ్చేసినవాణ్ణి, చదువు నన్నేమీ పాడుచేయలేదు.

సాతిబాల్దీ మంచివాడు. తాగడు, నోరు జారడు, ఆదివారం ప్రార్థన మందిరానికి అందరికన్నా ముందొస్తాడు. ఉన్నదల్లా ఒకటే జబ్బు. పక్కింటి వైపు ఓరకంట చూడందే టీ గుటక దిగదు. ఆ పక్కిల్లు జోల్దోష్‌ది. సాతిబాల్దీ భార్య బురుల్‌కి సొంత అన్న. బావ గొర్రెలు లావుగా ఉన్నా బాధే, బావ పొయ్యి పొగ తిన్నగా లేచినా బాధే.

ఇద్దరూ ఒకేరోజు ఏట్లో బాప్తిస్మం తీసుకున్నారు. మంచు కరిగిన నీళ్ళు. ఆ ఏట్లో చేపలు ఉన్ని చొక్కాలు తొడుక్కుని తిరుగుతాయి. జోల్దోష్ ముందు మునిగి లేచాడు. బావకన్నా తక్కువ మునిగాడన్న మాట పడకూడదని మనవాడు అడుగునున్న రాయి పట్టుకుని లేవనని మొరాయించాడు. పాస్టర్ ఎమిల్ జుట్టు పట్టి లాగితే బయటికొచ్చాడు. నీలిరంగు పెదాలతో అడిగిన మొదటి మాట, "ఎవరం ఎక్కువసేపున్నాం?"

మా మందిరంలో శరదృతువు రాగానే కోత పండుగ చేస్తాం. ఎవరి తోటలో పండింది వాళ్ళు తెస్తారు. ఉల్లిపాయలూ బీట్‌రూట్లూ కిటికీ గట్లమీద సర్దుతారు, అందరికన్నా పెద్ద గుమ్మడికాయను ప్రసంగ వేదిక పక్కన పెడతారు. ఏటా ఆ చోటు జోల్దోష్ కాయదే. సాతిబాల్దీ కాయ పొయ్యి వెనకాల, చీపురు పక్కన. "ప్రభువా, మా బావను దీవించు," అని ప్రార్థించేవాడు. "గుమ్మడికాయల విషయంలో మాత్రం కాస్త చూసి దీవించు."

పోయిన ఏడు ప్రభువు విన్నట్టే ఉన్నాడు. కంచె పక్కన, సాతిబాల్దీ వైపు, ఒక కాయ దిగింది. దిగడమంటే మామూలుగా కాదు. దాని నీడలో దారి తప్పిన కోడి ఇల్లు చేరేసరికి పిల్లలతో వచ్చింది. సాతిబాల్దీ దానికి పగటిపూట తన టోపీని గొడుగులా పట్టేవాడు, చలిపూట కంబళి కప్పేవాడు.

"నాకు జ్వరమొస్తే ఒక్క దుప్పటి ఇచ్చావా?" అంది బురుల్.

"నిన్ను వేదిక పక్కన పెడతారా?" అన్నాడు.

వేసవిలో జోల్దోష్ భార్యతో సహా గొర్రెలు తోలుకుని కొండమీది పచ్చికలకు వెళ్తూ, "బావా, నా తోటకు నీళ్ళు ఆగకుండా చూడు," అన్నాడు. కాలువ ముందు సాతిబాల్దీ పెరట్లోంచి పారి, తర్వాతే అతని తోటలోకి పోతుంది.

"నీ తోట నా తోట కాదా బావా!" అన్నాడు సాతిబాల్దీ.

కానీ కంచె అవతల గుమ్మడి ఆకులు ఏనుగు చెవుల్లా ఉన్నాయి. వాటికింద ఎంత కాయ దాగుందో అన్న అనుమానం మనవాణ్ణి తొలిచేసింది. ఒక మధ్యాహ్నం పెరట్లో పడున్న పాత ట్రాక్టరు తలుపు తీసుకెళ్ళి కాలువకు అడ్డంగా దిగేసి, చుట్టూ మట్టి మెత్తాడు. బావ తోటకు చుక్క పోలేదు. ఇవతల మాత్రం ఉల్లిపాయలు ఈత నేర్చుకున్నాయి.

వారం తిరక్కుండా సాతిబాల్దీ కాయ చుట్టూ ఆకులు వాలిపోయాయి. బకెట్లు బకెట్లు పోశాడు. ఇంకా వాలాయి. "బావ దిష్టి! కొండమీంచే తగిలింది!" అని మొత్తుకున్నాడు.

బురుల్ ఆ తీగ పట్టుకుని దాని మొదలు వెతుక్కుంటూ నడిచింది. తీగ కంచె సందులోంచి అటు దూరింది. ఆమె కంచె మీదుగా తొంగిచూసి పడీపడీ నవ్వింది.

"వేరు మా అన్న తోటలో ఉందయ్యా! నువ్వు నీ కాయకే నీళ్ళు ఆపేశావ్!"

సాతిబాల్దీ పరుగెత్తి తలుపు పీకేశాడు. సాయంత్రానికి ఆకులు తలెత్తాయి. ఇప్పుడు కొత్త చిక్కు. తొడిమ కోసేస్తే కాయ ఎవరిదో ఎవరికి తెలుస్తుంది? ఇన్నేళ్ళకు వేదిక పక్కన చోటు!

పండుగ ముందురోజు బురుల్ కత్తి తెచ్చి చేతిలో పెట్టింది. "కోసుకో. కానీ రేపు మందిరంలో ప్రభువు రొట్టె విరిచి నీ ముందుకు తెస్తే ఏ మొహంతో తీసుకుంటావో ఇప్పుడే చెప్పు."

అతను కాయ పక్కన మోకాళ్ళూనాడు. కళ్ళు మూస్తే ప్రభువుకు బదులు ట్రాక్టరు తలుపు కనిపిస్తోంది. ఎంతసేపు ఉన్నాడంటే, పక్కన పెట్టిన టోపీలో కోడి గుడ్డు పెట్టింది. ఆ గుడ్డు తిన్నది నేనే, కాబట్టి అబద్ధం కాదు. చివరికి చిన్నగా అన్నాడు: "ప్రభువా, ఈ కాయ నాది కాదు. నేను మాత్రం నా సొంత వేరుమీద బతుకుతున్నానా? నీ మీదే కదా. బావకిచ్చావని నాకేం తగ్గించావు? ఏమీ తగ్గించలేదు. ఈ సంగతి నా మొద్దు బుర్రకెక్కించు, రేపటికల్లా."

మర్నాడు కాయను తోపుడుబండి మీద మందిరానికి తెచ్చాడు. నలుగురం ఎత్తి వేదిక పక్కన పెడితే నేల కిర్రుమంది. జోల్దోష్ కొండ దిగి వచ్చాడు.

"అబ్బో! ఈసారి గెలిచావు బావా!" అన్నాడు.

సాతిబాల్దీ అందరి ముందూ నిలబడ్డాడు. చెవులు బీట్‌రూట్ల కన్నా ఎర్రగా ఉన్నాయి. "ఇది మా బావ కాయ. వేరు అతనిది. నీళ్ళు చూడమని నన్ను నమ్మి వెళ్తే, కుళ్ళుతో కాలువకు ట్రాక్టరు తలుపు అడ్డం పెట్టాను. బావా, నన్ను క్షమించు. నువ్వు క్షమిస్తే తప్ప నేను రొట్టె ముట్టను."

జోల్దోష్ కళ్ళు చికిలించాడు.

"ఏ తలుపు? నీలం రంగుదా? పిడి ఊడిందా?"

"అవును."

"ఓరి నీ! అది నా తలుపే! కోళ్ళగూటికి వేద్దామని ఏడాదిగా వెతుకుతున్నాను!"

ముందు నవ్వింది పాస్టర్ ఎమిల్. తర్వాత కిటికీ అద్దాలు కూడా నవ్వాయి. జోల్దోష్ వచ్చి అతని మెడ చుట్టూ చెయ్యి వేసి, "క్షమించాను గానీ పద, రొట్టె తిందాం. తర్వాత తలుపు సంగతి చూద్దాం," అన్నాడు. ఇద్దరూ పక్కపక్కనే నిలబడి తీసుకున్నారు.

మధ్యాహ్నం ఆ కాయ కూరి ఊరందరికీ మంతీలు, అంటే ఆవిరి కుడుములు, చేశారు. తిని మిగిలినవి పక్క ఊరికి బళ్ళమీద పంపాం. బురుల్ వడ్డిస్తుంటే సాతిబాల్దీ కళ్ళు అలవాటుగా బావ పళ్ళెం మీదికి పోయాయి. అందులో ఒకటి ఎక్కువే ఉంది. చూశాడు. తనలో తను నవ్వుకున్నాడు. తన పళ్ళెంలోంచి ఇంకొకటి తీసి అందులో వేశాడు.

వసంతంలో కంచెలోంచి ఒక పలక ఊడదీశాడు, తీగలు ఇరుక్కోకుండా వస్తాయని. తలుపు మాత్రం ఇంకా తిరిగివ్వలేదు. దానికోసం ప్రార్థిస్తున్నాడట.