మిల్లీబార్ల లెక్క

ఇవాళ ముసురు పట్టింది. ఫోనులో గాలి పీడనం 1008 హెక్టోపాస్కళ్లని చూపిస్తోంది. నా చిన్నప్పుడు వాటినే మిల్లీబార్లనేవారు.

మా నాయన కృష్ణపట్నం దగ్గర బడిలో సైన్సు అయ్యవారు. రేడియోలో పీడనం మిల్లీబార్లలో చెప్పేవారు. బడిలోని పాదరసం గొట్టం మీద మిల్లీమీటర్లుండేవి. మిల్లీమీటర్లను నాలుగుతో హెచ్చవేసి మూడుతో భాగిస్తే మిల్లీబార్లు వస్తాయి. ఒక ముసురు రోజున నాయన ఆ లెక్కలో పొరబడి, పీడనం బాగా పడిపోయిందనీ, తుఫాను తప్పదనీ జాలర్ల పాళెంలో చెప్పాడు. ఆయన మాట మీద పడవలన్నీ ఇసుక మీదికి లాగేశారు. తెల్లారి చక్కగా ఎండ కాసింది. వేటకు వెళ్లిన పక్క పాళెం వాళ్లకు వలల నిండా చేపలు పడ్డాయి.

నాయన నా చెయ్యి పట్టుకుని, ఎండుచేపల వాసనలో గుడిసె గుడిసెకూ తిరిగాడు. "లెక్క నేనే తప్పు చేసినానన్నా," అన్నాడు ప్రతి గడప దగ్గరా.

"పోనీలే అయివోరా, పడవలు వొడ్డునే ఉండాయి గదా," అన్నాడొక ముసలాయన.

తప్పు చేస్తే దాచుకోవాలి గాని, ఇలా ఊరంతా చాటుకుంటారా అనిపించింది నాకు. నా స్నేహితురాలి ఇల్లు దగ్గర పడుతుంటే చెయ్యి విడిపించుకుని పడవ చాటున నక్కాను. నాయన ఒక్కడే ఆ ఇంటి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

పెద్దయ్యాక నేనూ చాలా ఏళ్లు లెక్కలు చెప్పాను. తప్పు చేసిన ప్రతిసారీ, పిల్లలు చూడకముందే బోర్డు తుడిచేశాను.