దీవిలో ఎర్రటి పులుసు

నాకు సీరియళ్ళంటే పడదు. ఏడుపు చూడాలంటే మిరపతోటకు తెగులొచ్చిన ఏడు మా ఇంటికొస్తే చాలు, టీవీ దాకా వెళ్ళక్కర్లేదు. అలాంటిదాన్ని, మొన్నటి రెండో కోతలో, ఎక్కడో సముద్రం మధ్యనున్న ఒక దీవి వల్ల నానా అగచాట్లూ పడ్డాను.

అదొక డబ్బింగ్ సీరియల్. పడవ మునిగి పదిమంది దీవిలో చిక్కుకుపోతారు. వాళ్ళను తీసుకుపోవడానికి ఎవరూ రారు. రోజూ సాయంత్రం కొండ వెనక పొగ లేస్తుంది. అది ఎవరి పొగో చూసొస్తానని బయల్దేరిన వాడల్లా దారిలో ప్రేమలో పడి వెనక్కి వచ్చేస్తాడు. మా కోతల ముఠా ఆడవాళ్ళు రాత్రి ఇంట్లో చూసింది చాలక, మధ్యాహ్నం గట్టు మీద క్యారేజీలు విప్పుకుని, మేస్త్రమ్మ ఫోన్లో మళ్ళీ చూసేవాళ్ళు.

మేస్త్రమ్మంటే ముఠాకు పెద్ద. పక్కూరి నుంచి ఆటోలో అందరినీ తోలుకొచ్చేది ఆవిడే. ఆదివారం చర్చిలో ముందు వరసలో కూర్చునే మనిషి, ఒక మాటన్నదంటే ఇక దానికి తిరుగులేదు. ఆవిడ తీర్పు ఇది.

"వాళ్ళందరూ పడవ మునిగినప్పుడే పోయారు. ఇది చచ్చినోళ్ళని కూర్చోబెట్టే చోటు. లేకపోతే ఇన్నాళ్ళయింది, ఒక్కదాని జాకెట్టయినా మాసిందా?"

దానికి అడ్డు తగిలింది ఆవిడ సొంత తోటికోడలే. "చచ్చినోళ్ళకి చేపల పులుసెందుకక్కా? నిన్న గిన్నెలు నాక్కుని మరీ తిన్నారుగా! ఆ పులుసు రంగు చూశావా? కారం లేకుండా అంత ఎరుపు ఎట్టా వస్తది?"

ఫోన్ ఆపి అందరూ పులుసును పరీక్ష చేశారు. నిజమే, ఎర్రగా ఉంది. ఇక తోటికోడలు ఆగలేదు. కారం ఉందంటే మిరపతోట ఉంది. తోట ఉంటే కోత ఉంటుంది. కోతంటే ఒక్కరి వల్ల అయ్యేది కాదు, మనలాంటి ముఠా ఉంటుంది. ఆ పొగ వాళ్ళు అన్నాలు వండుకునే పొగ. కాబట్టి కొండ వెనక ఒక ఊరుంది, వీళ్ళు బతికే ఉన్నారు. అంతా విని ఒకామె, "మరి సముద్రంలోకి ఆటో ఎట్టా పోతదే?" అని అడిగింది. దాని మీద ఒక పూట గడిచింది. అంత సరుకు గుంటూరు యార్డుకు ఎలా చేరుతుందని ఇంకో పూట.

మా ఆయన ఊరుకోకుండా, "ఇదంతా ఆ పదిమందిలో ఉన్న లావుపాటాయనకొచ్చిన కలే" అన్నాడు. రెండు పక్షాలూ కలిసి ఆయన మీద పడ్డాయి. ఏ మాట మీదైనా ఆ రెండూ ఏకమైంది ఆ ఒక్కసారే.

"మీరేమంటారమ్మా?" అని నన్ను రోజూ అడిగేవాళ్ళు. నేను నోరు మెదిపేదాన్ని కాదు. కోతల కాలంలో రైతుకు దేవుడి తర్వాత మేస్త్రే. ఎవరి పక్షం పట్టినా సగం తోట ఊడుతుంది.

మెదపకపోయినా ఊడింది. మా వైపు ఒక్కో సాలుకు ఇద్దరు, చెట్టుకు అటొకరు, ఇటొకరు నిలబడి కోసుకుంటూ పోతారు. చచ్చారన్నవాళ్ళు బతికారన్నవాళ్ళకు ఎదురు నిలబడమన్నారు. సాలుకు ఒక్కరే దిగారు. చెట్లన్నీ ఒక పక్క పచ్చగా, ఇంకో పక్క పండు కాయలతో ఎర్రగా, సగం గొరిగి వదిలేసిన తలల్లా తయారయ్యాయి. మర్నాడు పక్క పొలం రైతు గట్టు మీద నిలబడి, "బతికే ఉన్నారమ్మా, నాకెప్పుడో తెలుసు!" అని కేకేశాడు. ఆ మహానుభావుడి ఇంట్లో టీవీ చెడిపోయి ఏడాదయింది. అయినా తోటికోడలు తన వాళ్ళను వెంటబెట్టుకుని అతని చేలోకి వెళ్ళిపోయింది. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చినట్టయింది.

గోరుచుట్టు మీద రోకటిపోటులా వానొస్తుందన్నారు. చెట్టు మీది పండు కాయ తడిస్తే మచ్చలు పడి తాలయిపోతుంది, ఏడాది కష్టం బూడిదే. నాకు అన్నం సయించలేదు. ఒళ్ళు మండి, అసలు ఆ దిక్కుమాలిన పొగ ఎవరు పెడుతున్నారో చూద్దామని నేనూ సీరియల్ ముందు కూర్చున్నాను. చెప్పడానికి సిగ్గేస్తోంది, మర్నాడు కూడా కూర్చున్నాను.

రెండు మూడు రోజులకే తోటికోడలు తన వాళ్ళతో వెనక్కి వచ్చేసింది. ఏమైందే అంటే, "అక్కడ ఏమన్నా అందరూ అవునవునంటారమ్మా. నోరు చచ్చిపోతోంది" అంది. మేస్త్రమ్మ తలెత్తకుండానే, "వచ్చావా, ఇటు నిలబడు" అని తన సాలులోనే చోటిచ్చింది. పోట్లాట మొదలైంది, కోత సాగింది. ఆ అరుపులు విని నాకు ప్రాణం లేచొచ్చింది.

కోత ఆఖరి రోజు మధ్యాహ్నం, పడమట మబ్బు నల్లగా కమ్ముకొస్తుండగా, ఫోన్లో ఆ కబురు చూశారు. సీరియల్ ఆపేశారు. ముగింపు లేదు, ఏమీ లేదు. రేపటి నుంచి ఆ టైముకు వంటల పోటీ.

క్యారేజీల్లో అన్నం అలాగే ఉంది. తోటికోడలు కళ్ళు తుడుచుకుంది. కోయాల్సిన సాళ్ళు ఇంకా బోలెడున్నాయి, చల్లగాలి మొదలైంది. లేవమని అడగడానికి నాకు నోరు రాలేదు. నిజం చెప్పాలంటే నాకూ దుఃఖంగానే ఉంది.

మేస్త్రమ్మ చెంగు దులుపుకుని లేచింది. "లేవండే. వాళ్ళనెటూ ఎవరూ ఒడ్డు చేర్చలేదు. ఈ కాయలనన్నా చేరుద్దాం."

లేచారు. ఎవరు ఎవరికి ఎదురు నిలబడ్డారో ఎవరూ చూసుకోలేదు. అంత వేగంగా మా తోటలో కోత సాగడం నేనెన్నడూ ఎరగను. మా ఆయన గోతాలు మోసుకెళ్ళి టార్పాలిన్ పట్టాల కింద చేర్చాడు. చివరి సాలు సగంలో ఉండగా చినుకులు పడ్డాయి.

"ఇక చాలు, పోతే పోయాయి, వచ్చేయండి!" అని కేకేశాను.

అందరూ పట్టాల వైపు పరుగెత్తారు. మేస్త్రమ్మ కదల్లేదు. "అట్టా మధ్యలో వదిలేసి పోవడం నాకు చేతగాదమ్మా" అంటూ వంగి కోస్తూనే ఉంది. తోటికోడలు వెనక్కి పరుగెత్తి ఆ చెట్టుకు రెండో పక్క నిలబడింది.

నాకేమైందో, అన్నాళ్ళూ బిగబట్టిన మాట బయటికొచ్చేసింది. "బతికే ఉన్నార్లే! ఇద్దరూ వచ్చేయండి!"

వానలో మేస్త్రమ్మ తలెత్తి, ముఖం తుడుచుకుంది.

"ఉండకేం, ఉన్నారు. ముందు ఆ గోతం పట్టుకో తల్లీ" అంది.

నేను వానలోనే ఆ సాలులోకి దిగి, గోతం మూతి తెరిచి పట్టుకున్నాను.