చిన్న గిన్నెలో కుదరని ఉప్పు

గల్ఫ్‌లో కూలీల క్యాంపుకు వండి తిరిగొచ్చిన మా గల్లీ వంటవాడికి, తిరిగొచ్చినవాళ్ల బతుకు నిలబెడతామన్న సంస్థవాళ్లు టిఫిన్ బండి ఇచ్చారు. అఫ్జల్‌గంజ్‌లో చోటు నేనే చూపించాను. మొదటిరోజే పెళ్లికి సరిపడా ఉప్మా చేసి, మిగిలింది హమాలీలకు పంచేశాడు.

"చిన్న గిన్నెల వండొచ్చు గదరా!" అని అరిచాను.

"చిన్న గిన్నెల ఉప్పు అందాజ దొరుకుతలేదు బాపూ."

నమ్మక, మా ఇంట్లో ఇద్దరికి వండించాను. నోట పెట్టలేకపోయాను. అతను చేతులు తుడుచుకుంటూ నా మొహమే చూస్తున్నాడు.

"అక్కడ క్యాంపుల వందలమందిల ఒక్కడు గూడ వంక పెట్టలే బాపూ."

ఒళ్లు మండింది. ఎంతమందికి వండేవాడివని బండి ఇచ్చినవాళ్లలో ఒక్కరైనా అడగలేదే!

బేగంబజార్‌లో పెళ్లివంటల మేస్త్రీ దగ్గరికి అతన్ని లాక్కెళ్లాను. పని ఇమ్మని నేను మేస్త్రీని బతిమాలుతుండగానే మావాడు పొయ్యి మీది పెద్ద డేగిశాలో ఉప్పు వేసి కలిపాడు. మేస్త్రీ తిట్టబోయి, రుచి చూసి ఆగాడు.

"ఇన్ని దినాలు యాడున్నవ్ భాయ్?"