సత్యవతి పిన్ని గొంతు

2022 వేసవి. ఖరగ్‌పూర్ ప్రేమ్ బజార్‌లో ఒక చిన్న గదే నా ల్యాబ్. కంప్యూటర్ చేత మనిషిలా మాట్లాడించే పరికరాలు తయారుచేస్తాను. ఇన్నేళ్లలో పేటెంట్లు కొన్ని వచ్చాయి. అయినా, నీ పెద్ద పని ఏమిటని ఎవరైనా అడిగితే ముందు గుర్తొచ్చేది సత్యవతి పిన్నే.

రైల్వే వాళ్ల ట్రాఫిక్ కాలనీలో మా పక్కింటావిడ. అమ్మ డ్యూటీకి వెళితే నాకు అన్నం పెట్టి పెంచిన మనిషి. ఆవిడకు గొంతు క్యాన్సర్. స్వరపేటిక తీసేయాలన్నారు. ఆపరేషన్ అయితే ఇక మాట రాదు.

ఉన్న గొంతును ముందే రికార్డు చేసి, తర్వాత ఆవిడ టైపు చేసిందల్లా అదే గొంతుతో పలికించవచ్చు. దీన్ని వాయిస్ బ్యాంకింగ్ అంటారు. నేను వాక్యాలు ప్రింటు తీసి ఇచ్చాను. పిన్ని గంజి పెట్టిన చీర కట్టుకొచ్చి, జెండా పండగ ఉపన్యాసంలా చదివింది. ఆ గొంతుతో "ఏమండీ, భోజనానికి రండి" అనిపించి అప్పారావు బాబాయికి వినిపించాను.

"ఈవిడెవులమ్మా? రేడియోలో వార్తలు సదివినట్టుంది. ఈ మనిసి పిలిస్తే నాను కంచం కాడికి రాను" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. మళ్లీ వింటే బాబాయి మాటే నిజం. మైకు కనబడితే చాలు, మనం ఇంటి మాట దాచేసి పుస్తకం మాట తీస్తాం. నేనిచ్చినవీ పుస్తకం వాక్యాలే!

ఈసారి మైకు ఆవిడ పైటకు తగిలించి వదిలేశాను. ఇంకేముంది! ఖరిదా బజారులో చేపలవాడితో బెంగాలీలో "దాదా, కాల్‌కేర్ మాఛ్ ఆజ్ దిచ్ఛో?" అని, నిన్నటి చేపలు అంటగడుతున్నాడని దెబ్బలాట. ఇంట్లో బాబాయితో, "మందేసుకున్నారా నేదా? ఎన్నిసార్లు సెప్పినాను!" నాతో, "ఎంత సిక్కిపోయినావే!" నొప్పి పుడితే ఆగి నీళ్లు తాగేది, మళ్లీ మొదలెట్టేది. రైలు కూతలు, కుక్కరు ఈలలు తీసేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. గొంతులోని బొంగురు మాత్రం అలాగే ఉంచేశాను.

ఆపరేషన్ అయ్యాక బాబాయి మంచం పక్కన బిక్కమొహం వేసుకుని కూర్చున్నాడు. పిన్ని నేనిచ్చిన ట్యాబ్ అందుకుని మెల్లగా టైపు చేస్తే, అది ఆవిడ గొంతుతో పలికింది.

"ఏటలా సూస్తన్నారు? అన్నం తిన్నారా నేదా?"

"నేదే... తింతాను, తింతాను" అంటూ బాబాయి లేచి, గుమ్మం దాకా వెళ్లి, గోడకు ఆనుకుని ఏడ్చేశాడు.

అప్పటినుంచి గొంతు దాచుకోవడానికి ఎవరొచ్చినా కాగితం చేతికివ్వను, ముందు వాళ్ల వంటింట్లో కూర్చుంటాను. ఈ విద్య పిన్ని పెట్టిన భిక్ష. మొన్న వాళ్ల గుమ్మం ముందు నుంచి వెళుతుంటే ట్యాబ్ సౌండు పూర్తిగా పెంచి, వీధంతా వినబడేలా అడిగింది: "ఒసే సైంటిస్టూ, తిన్నావా?"

తినే వచ్చాను. అయినా వెళ్లి కంచం ముందు కూర్చున్నాను.