తాడు అవతలి దేశం

మొన్న బూర్గంపాడులో మెకానిక్ నా బండికి కొత్త క్లచ్ తీగ వేస్తుంటే, పాతది పారేయకుండా చుట్టి ఇమ్మన్నాను. ట్యూబు, ప్లగ్గు, గొలుసు లింకు కూడా అదనంగా కావాలన్నాను. అతనికి అనుమానం వచ్చి, ఇంతకీ ప్రయాణం ఎక్కడికి సార్ అని అడిగాడు. నేపాల్ అని చెప్పాలి. చెబుదామని నోరు తెరిచాను కూడా. తీరా బయటికొచ్చిన మాట భద్రాచలం. గోదావరి వంతెన దాటితే వచ్చే భద్రాచలానికి ఇంత సరంజామా ఏమిటన్నట్టు అతను నన్ను ఎగాదిగా చూసి, పెద్దాయన కదా అని ఊరుకున్నాడు.

ఒంటరిగా దేశం దాటాలని నేనెప్పుడూ అనుకోలేదు. ఉద్యోగాల నుంచి దిగిపోయాక మా బావమరిదీ నేనూ చెరో బండి మీద నేపాల్ వెళ్లాలని ఏళ్ల తరబడి ముచ్చట్లు పెట్టుకున్నాం. సమయం వచ్చేసరికి ఆయన మోకాలు మొరాయించింది, డాక్టరు బండి ఎక్కవద్దన్నాడు. ఆయనేమో నువ్వు మాత్రం ఆగకు బావా అంటూ నన్ను ముందుకు తోశాడు. అప్పటినుంచీ నాకు అన్నం సహించడం లేదు. మ్యాపు పరిచి, మన ఊరి నుంచి సరిహద్దు దాకా వేలు పెట్టి హాయిగా వెళతాను. ఆ గీత దగ్గరకు రాగానే వేలు ఆగిపోతుంది. అవతల కొండ మలుపులో బండి ఆగితే ఎలా, ఒంట్లో బాగుండకపోతే ఎవరికి ఏ భాషలో చెప్పుకోవాలి, అసలు ఈ వయసులో నాకిది అవసరమా? భయమేస్తోంది, దాచడమెందుకు. పోతే పొండి, మానితే మానండి, ఈ ఊగిసలాట మాత్రం చూడలేనని మా ఆవిడ విసుక్కుని, ఆదివారంలోగా ఏదో ఒకటి తేల్చమంది.

ఇలాంటి భయం నాకు ఒక్కసారే, ఉద్యోగంలో చేరిన కొత్తలో వేసింది. మావాళ్లు కోస్తా నుంచి వచ్చి దమ్మపేటలో వ్యవసాయం చేసుకున్నవాళ్లు. నాకేమో చర్లలో పశువుల దవాఖానాలో సూదులు వేసే కొలువు వచ్చింది. చర్లకు పోస్టింగంటే ఆ రోజుల్లో ఇళ్లలో ఏడుపులే, మన ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది. అడవి, జ్వరాలు, అన్నలు, పోలీసులు. మా అమ్మ అయితే నన్ను సైన్యంలోకి పంపుతున్నట్టే సాగనంపింది.

వానలు పడకముందే పశువులకు గొంతువాపు టీకాలు వేయాలి. ఆ వేళకే మా డాక్టరుగారు సెలవులో ఉన్నారు, వెంట రావలసిన అటెండరు జ్వరంతో పడుకున్నాడు, మందేమో ఐసు పెట్టెలో ఉంది. ఐసు కరిగితే మందు పాడవుతుంది. ఇక తప్పక, అంతదాకా ఒకరి వెనక కూర్చుని తప్ప పోని దారిలో, ఆఫీసు మోటార్‌సైకిల్ మీద ఒక్కణ్ణే బయలుదేరాను. దారికి అడ్డంగా ఏది కనిపించినా బండి ఆపి చేతులు పైకెత్తు, అడిగినదానికి నిజం చెప్పు అని మా గుమాస్తా మరీ మరీ చెప్పి పంపాడు. అడవిలో దూరాక నా బండి చప్పుడే నాకు భయం పుట్టించింది. ఇంత గోలతో వస్తున్నానేమిట్రా, అందరికీ తెలిసిపోదూ అనుకుంటూ నడిపాను.

ఒక మలుపు తిరిగేసరికి దారికి అడ్డంగా తాడు. అటూ ఇటూ మనుషులు. నా పని అయిపోయిందనుకున్నాను. బ్రేకు తొక్కీ తొక్కకముందే బండి పక్కకు ఒరిగింది, ఐసు పెట్టెను ఒడిసిపట్టి కింద పెట్టి, చేతులెత్తి, కళ్లు మూసుకుని, అయ్యా నేను డాక్టరును కూడా కాదు, ఉత్త సూదులేసేవాణ్ణని అరిచాను. జవాబుగా నవ్వులు వినిపించాయి. కళ్లు తెరిస్తే అందరూ ఆడవాళ్లే.

అది భూమి పండుగట. విత్తనాలు చల్లేముందు ఆ పల్లెల్లో మగవాళ్లు వేటకు పోతారు. ఊళ్లో మిగిలిన ఆడవాళ్లు దారికి తాడు పట్టి, పాటలు పాడి, పండుగకు ఏదైనా ఇచ్చి పొమ్మంటారు. మా దమ్మపేట పక్క పల్లెల్లోనూ ఉన్న పండుగే, చదువుల పేరిట హాస్టళ్లలో పెరిగిన నేను చూసి చావలేదు. వాళ్లలో ఒక ముసలామె ముందుకొచ్చి, "మగోళ్లంత వేటకు పోయిండ్రు, నువ్వేంది గిట్ల చేతులు లేపుకొని నిలబడ్డవ్?" అంది. మళ్లీ నవ్వులు. ఇద్దరు పడుచులు బండి లేపి నిలబెట్టారు. జేబులో చేతికందింది ఇచ్చాను. భయమేస్తోందమ్మా, ముందు దారి తెలియదు అని ఆమెతో నిజమే చెప్పాను. ఆమె నవ్వు ఆపి, వాగు దగ్గర ఎటు తిరగాలో చూపించి, "పో బిడ్డా. మళ్లొచ్చేటప్పుడు గీ దారినే రా. నువ్వొచ్చిందాక తాడు విప్పం" అంది.

ఐసు కరగకముందే పల్లె చేరి టీకాలు వేసి, పొద్దువాలే వేళకు తిరిగొస్తే, తాడు ఉంది. పాటలు ఎప్పుడో అయిపోయినట్టున్నాయి, పడుచులు చాలామంది ఇళ్లకు పోయారు. ఆ ముసలామె, ఇంకో ఇద్దరు తాడు పట్టుకుని దారి పక్కన కూర్చుని ఉన్నారు. నన్ను చూడగానే లేచి విప్పేశారు. దండం పెట్టి వచ్చేశాను.

నిన్న, సామాను కడితే బండి ఎలా ఉందో చూస్తానని మా ఆవిడతో చెప్పి చర్ల దారి పట్టాను. రోడ్డు వెడల్పయింది, క్యాంపులు, సెల్ టవర్లు వచ్చాయి, ఆ మలుపు ఎక్కడో పోల్చుకోలేకపోయాను. కానీ పండుగ రోజులు కదా, తాడు ఎదురైంది. నా ముందున్న కారు అద్దం కాస్త దించి, నోటు విసిరి వెళ్లిపోయింది. నా ఈడు ఆడమనిషి ఒకామె బండి మీద కట్టిన సామాను చూసి ఏడికి పోతున్నవని అడిగింది. నేపాల్ అన్నాను, తడుముకోకుండా.

"అదేడుంటది? చర్ల దాటినంకనా?"

"అవ్, చర్ల దాటినంకనే" అన్నాను.

ఆమె తాడు దించింది. అద్దంలో చూస్తే వెనక వచ్చే జీపు కోసం అప్పుడే మళ్లీ ఎత్తి పట్టుకుంది. వెళ్లిన మనిషి తిరిగొచ్చేదాకా దారి పక్కన కూర్చునే తీరిక ఇప్పుడు ఎవరికీ లేదు, ఆ కారులో వాళ్లకూ లేదు, నాకూ లేదు. దారులు బాగుపడ్డాయి, ఎదురుచూపులు తగ్గిపోయాయి అనిపించి దిగులేసింది.

ఇంటికొచ్చి వెళుతున్నానని చెప్పాను. భయం తగ్గిందా అంటే లేదు. ఈ తాడు కథ పెళ్లయిన నాటి నుంచీ వింటున్న మా ఆవిడ, మ్యాపు మడిచి పక్కన పెట్టి అన్నం వడ్డిస్తూ, మీరొచ్చేదాకా వీధి తలుపు గడియ పెట్టనులెండి అంది.