తూర్పు హద్దు

నేను చీమ గురించి చెప్పినా వినేవాళ్లకు ఏనుగు కనిపిస్తుంది. ముందే ఒప్పుకుంటున్నాను, మీరే కాస్త తగ్గించి చదువుకోండి.

నరసన్నపేటలో దస్తావేజులు రాసే ఒక పెద్దాయన నిట్టూరిస్తే ఎదురు కొట్లో కేలెండర్లు ఎగిరేవి. పుట్టడమే అలసిపోయి పుట్టిన మనిషి. నౌపడ అవతల సముద్రం ఒడ్డున నాకున్న రెండు గదుల కాటేజీని ఏటా వేసవి సెలవులకు అద్దెకిచ్చేవాణ్ణి. ఆ రెండు నెలల అగ్రిమెంటుకి కూడా, పొలం అమ్ముతున్నట్టు, నాలుగు హద్దులూ రాయందే ఆయన కలం మూసేవాడు కాదు.

మొన్న వేసవిలో బొబ్బిలి మాస్టారొకరు ఇద్దరు చిన్నపిల్లలతో అద్దెకు వచ్చారు. అగ్రిమెంటు రాయించడానికి వాళ్లను పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను.

"తూరుపు ఏటి అల్లుడూ?" అన్నాడు పెద్దాయన.

"సరుగుడు తోట. ఎప్పట్లాగే రాసీ మావా."

"నిన్న బస్సెక్కి ఎల్లి సూసొచ్చాను. తోట నేదు. సముద్రం వచ్చీసింది."

మాస్టారికి వినపడకుండా వంగి, "రెండు నెల్లే గదా, రాసీ" అన్నాను.

ఏడు జన్మల నీరసంతో నా వైపు చూశాడు. "పిల్లలు తలుపు తీసి పరిగెడితే, కాగితం మీద తోట ఆపుతాదేటి?"

"తూర్పు: ముప్పై అడుగుల దూరంలో సముద్రం" అని రాశాడు. మాస్టారు అది చదివి, దండం పెట్టి, పిల్లల చేతులు పట్టుకుని వెళ్లిపోయారు. ఆ వేసవంతా కాటేజీ ఖాళీ.

ఇందులో నిట్టూర్పు నిజం, బస్సు నిజం, ముప్పై అడుగులూ నిజం. మాస్టారు చదివారన్నదే నా కల్పన. ఆ వరుస మీద అరచెయ్యి ఆనించి నేను కలం అందిస్తే, మాస్టారు చదవకుండానే సంతకం పెట్టబోయారు. నా చెయ్యి పక్కకి తీసి, ఆ వరుసను పైకి చదివి వినిపించింది పెద్దాయనే.